షుగర్ పడిపోయిన మనిషిని తాగుబోతు అన్నాం, ఇప్పుడేం చేయాలి?

ప్రశ్న: మాది హైదరాబాద్‌లో 40 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. నేను అసోసియేషన్ సెక్రటరీని. మా వాచ్‌మన్‌కి 52 ఏళ్లు. పాలమూరు వైపు నుంచి వచ్చి ఆరేళ్లుగా భార్యతో సెల్లార్ గదిలో ఉంటున్నాడు. మూడు వారాల కింద ఒక ఆదివారం తెల్లవారుజామున 5 గంటలకు ట్యాంకులో నీళ్లు అయిపోయాయి. కిందికి దిగి చూస్తే మోటార్ వేయలేదు. సగం కడిగిన కారు పక్కన కుర్చీలో కూలబడి ఉన్నాడు. ఒళ్లంతా చెమట, మాట ముద్దముద్దగా వస్తోంది. లేపబోతే బూతులు తిట్టాడు, లేచి తూలి పడ్డాడు. ఏదో వాసన వచ్చిందని ఇద్దరన్నారు. ఒకాయన వీడియో తీసి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టారు. భార్య పరుగెత్తుకొచ్చి పంచదార నీళ్లు తాగిస్తే పావుగంటలో మామూలయ్యాడు. తిట్టావేంటని అడిగితే "నేనేం తిట్టలేదు సార్" అన్నాడు. తాగిందే కాక అబద్ధమా అని ఇంకా కోపమొచ్చింది. రెండు రోజుల్లో గది ఖాళీ చేయమన్నాం, వెళ్లిపోయారు. మొన్న గది శుభ్రం చేయిస్తుంటే మందుల చీటీ, ఖాళీ మాత్రల అట్టలు దొరికాయి. గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ కలిసిన మాత్ర, రెండు పూటలా. శనివారాలు అతనికి ఒక్కపొద్దని మా పనామె చెప్పింది. అప్పట్నుంచి నాకు నిద్ర లేదు. షుగర్ తగ్గితే మనిషి అలా తిడతాడా? అతన్ని వెనక్కి పిలవాలా? వీడియో తీసినాయన "నాకు కనిపించిందే పెట్టాను" అంటున్నారు. మళ్లీ ఇలా జరగకుండా ఏం చేయాలి?

సమాధానం: తిడతారు. తిట్టినట్టు తర్వాత చాలామందికి గుర్తు కూడా ఉండదు. కాబట్టి "నేనేం తిట్టలేదు" అన్నప్పుడు ఆయన అబద్ధమాడలేదు, తనకు తెలిసినంతలో నిజమే చెప్పారు. మీ కోపం రెట్టింపు చేసిన ఆ మాట కూడా జబ్బు లక్షణమే.

మెదడు నడిచేది గ్లూకోజ్ మీద. దాన్ని దాచిపెట్టుకునే చోటు మెదడులో దాదాపు లేదు, రక్తంలో వచ్చింది వచ్చినట్టు వాడుకోవాల్సిందే. గ్లూకోజ్ డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల కిందికి దిగితే శరీరం అడ్రినలిన్ వదులుతుంది. చెమటలు, వణుకు, గుండెదడ, ఆకలి మొదలవుతాయి. 54 కిందికి పోతే మెదడుకే కరువొస్తుంది. మాట తడబడుతుంది, అడుగు తప్పుతుంది, ఎదురుగా ఉన్నదెవరో, ఏం అడుగుతున్నారో తెలియదు. ఎవరైనా పట్టుకోబోతే తోసేస్తారు, అరుస్తారు. ఇంకా దిగితే ఫిట్స్ రావచ్చు, స్పృహ పోవచ్చు. మద్యం కూడా ముందు దెబ్బతీసేది మెదడులో ఇవే పనుల్ని. అందుకే బయటి నుంచి చూసేవాళ్లకు రెండూ ఒకటే. ఆస్పత్రి క్యాజువాలిటీలోనూ తూలుతూ వచ్చిన మనిషిని చూపుతో తేల్చరు, ముందు వేలికి సూది గుచ్చి షుగర్ చూస్తారు.

మీ దగ్గర షుగర్ చూసే మీటర్ లేకపోయినా గట్టి ఆధారం కళ్లముందే ఉంది. పంచదార నీళ్లతో పావుగంటలో మామూలయ్యారని మీరే రాశారు. మత్తు అలా దిగదు. 30 మిల్లీలీటర్ల విస్కీ పెగ్గు ఒక్కటి శరీరంలోంచి పోవడానికి దాదాపు గంట పడుతుంది, రాత్రంతా తాగిన మనిషికి తెల్లారినా పోదు. పంచదార నీళ్లు, మజ్జిగ, నిమ్మకాయ, తలమీద చన్నీళ్లు, ఏవీ ఆ వేగాన్ని పెంచవు. ఆమె పంచదారే ఎందుకు తెచ్చిందో అక్కడ నిలబడ్డవాళ్లలో ఒక్కరు అడిగి ఉంటే ఉదయం ఐదున్నరకే విషయం తేలిపోయేది. ఏం జరుగుతోందో తెలిసిన మనిషి ఆ సెల్లార్‌లో ఆమె ఒక్కరే. ఆమెను ఎవరూ అడగలేదు.

ఆ ఆదివారమే ఎందుకు జరిగిందో కూడా మీ ఉత్తరంలోనే ఉంది. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వేసుకునేవాళ్లకు షుగర్ ఇలా పడిపోవడం అరుదు. గ్లిమెపిరైడ్ అలా కాదు, తిన్నా తినకపోయినా క్లోమం చేత ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. దాని ప్రభావం దాదాపు 24 గంటలు ఉంటుంది. ఒక్కపొద్దు రోజు మధ్యాహ్నం ఒకసారి అన్నం తిని, రాత్రికి పండో ఫలహారమో కానిచ్చి, మాత్ర మాత్రం అలవాటుగా వేసుకుంటే ఆ మాత్రకు సరిపడా తిండి కడుపులో లేనట్టే. దాని మీద రాత్రంతా మెలకువ. ఆపైన తెల్లవారుజామున కార్లు కడగడం. బకెట్లు మోస్తూ, వంగి లేస్తూ, పరగడుపున చేసే ఆ పనికి కండరాలు మిగిలిన కాస్త గ్లూకోజ్‌నీ లాగేసుకుంటాయి. ఆయన కూలబడింది సగం కడిగిన కారు పక్కనే కదా. కార్లు పొద్దున్నే తళతళలాడాలని మనం పెట్టుకున్న వేళ కూడా ఆయన్ని ఆ కుర్చీలో కూలబెట్టిన కారణాల్లో ఒకటి.

వాసన సంగతి. షుగర్ విపరీతంగా పెరిగి, ఒంట్లో కొవ్వు కరిగి కీటోన్లు అనే ఆమ్లాలు తయారైనప్పుడు నోటి నుంచి మాగిపోయిన పండు వాసన వస్తుంది, దాన్నీ చాలామంది మందు వాసన అనుకుంటారు. కానీ అది షుగర్ పెరిగినప్పటి మాట, మీ వాచ్‌మన్ విషయానికి అతకదు. ఆ ఇద్దరికీ వచ్చింది శానిటైజర్ వాసనో, కారు తుడిచే షాంపూ వాసనో, ముందే అనుకున్నది ముక్కుకు తగలడమో కావచ్చు. ఇక్కడ గుర్తుపెట్టుకోవాల్సింది వేరే ఉంది. నిజంగానే తాగి ఉన్నారనుకున్నా మీరు చేయాల్సింది మారదు. కాలేయం రక్తంలోకి కొత్తగా గ్లూకోజ్ తయారుచేసి పంపడాన్ని మద్యం అడ్డుకుంటుంది. షుగర్ మాత్రలు వేసుకునే మనిషి తాగి, తినకుండా పడుకుంటే షుగర్ పడిపోయే ప్రమాదం ఇంకా ఎక్కువ. అలాంటివాళ్లను "తాగి పడుకున్నాడు, పడుకోనీ" అని వదిలేస్తే ప్రాణాలే పోవచ్చు. వాసన వచ్చిందంటే జబ్బు లేదని కాదు.

మీరు అడగని ప్రశ్న ఒకటి ఉంది. షుగర్ ఉందని ఆరేళ్లలో ఎందుకు చెప్పలేదు? ఆయన ఉద్యోగమూ ఇల్లూ రెండూ ఒకే తాళంచెవి మీద ఉన్నాయి. జబ్బు మనిషి రాత్రి కాపలా ఏం కాస్తాడని ఎవరైనా అంటే జీతంతో పాటు గదీ పోతుంది. మీరు రెండు రోజుల గడువిచ్చినప్పుడు జరిగింది సరిగ్గా అదే. అలాంటి చోట చెప్పకపోవడాన్ని దాపరికం అనలేం.

మళ్లీ ఎవరైనా ఇలా కనిపిస్తే ఏం చేయాలో ఇప్పుడు చెబుతాం. ఇది మీ గేటు దగ్గర ఒక కాగితం మీద రాసి అంటించుకోవచ్చు.

ముందు ఆ మనిషిని మెట్లకు, సంపుకు, కదిలే బండ్లకు దూరంగా కూర్చోబెట్టండి. చుట్టూ గుంపు చేరనివ్వొద్దు. ఒక్కరే, పేరు పెట్టి, నెమ్మదిగా మాట్లాడాలి. గట్టిగా గద్దిస్తే ఆ స్థితిలో ఉన్న మెదడు దాన్ని దాడి అనుకుంటుంది. 40 ఫ్లాట్లలో ఎవరో ఒకరి దగ్గర గ్లూకోమీటర్ ఉంటుంది, తెప్పించండి. వేలిని నీళ్లతో కడిగి, బాగా తుడిచి గుచ్చండి. వేలికి పండ్లరసమో పంచదారో అంటి ఉంటే మీటర్ తప్పు అంకె చూపిస్తుంది. 70 కన్నా తక్కువుంటే వెంటనే తీపి ఇవ్వాలి. మీటర్ దొరకలేదు, మనిషికి షుగర్ ఉందని తెలుసు, చెమటలు పడుతున్నాయి, మింగగలుగుతున్నారు అంటే ఆలోచించకుండా ఇవ్వండి. నిజానికి షుగర్ ఎక్కువే ఉన్నా ఆ కాస్త తీపి వల్ల వచ్చే నష్టం కొంచెం. తక్కువుండి ఇవ్వకపోతే జరిగే నష్టం చాలా పెద్దది.

ఇవ్వాల్సింది 15 గ్రాములు. అంటే 3 టీ చెంచాల గ్లూకోజ్ పొడి లేదా పంచదార, అర గ్లాసు నీళ్లలో. లేదంటే 150 మిల్లీలీటర్ల పండ్లరసం, లేదా మామూలు కూల్‌డ్రింక్. డైట్ అని రాసి ఉన్నది పనికిరాదు. 15 నిమిషాలు ఆగి మళ్లీ చూడండి, ఇంకా 70 దాటకపోతే ఇంకో 15 గ్రాములు. దాటాక నాలుగు బిస్కెట్లో, రెండు ఇడ్లీలో, గుప్పెడు అన్నమో పెట్టాలి, లేకపోతే కాసేపటికి మళ్లీ పడిపోవచ్చు.

ఇక్కడ జరిగే పొరపాట్లు మాకు బాగా తెలిసినవి. చాక్లెట్, నేతి లడ్డు, పాలు ఇస్తారు. వాటిలోని కొవ్వు వల్ల తీపి రక్తంలోకి ఆలస్యంగా చేరుతుంది. వోగ్లిబోస్, అకార్బోస్ ఉన్న మాత్రలు వాడేవాళ్లకు పంచదార ఇస్తారు. ఆ మందు పేగుల్లో పంచదార విడిపోవడాన్ని ఆపేస్తుంది, వాళ్లకు గ్లూకోజ్ పొడే కావాలి. మన దగ్గర ఈ మాత్రలు చాలామంది వాడతారు కాబట్టి గేటు దగ్గర గ్లూకోజ్ డబ్బా పెట్టుకోవడమే మంచిది. అన్నిటికన్నా ప్రమాదకరమైనది, స్పృహ లేని మనిషి నోట్లో నీళ్లు పోయడం. అవి ఊపిరితిత్తుల్లోకి పోతాయి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ వేయకుండా ఒక పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి. షుగర్ మాత్రలు వాడే మనిషి అని ఆ ఫోన్‌లోనే చెప్పండి. ఉల్లిపాయ వాసన చూపించడం, చేతిలో తాళాలు పెట్టడం వల్ల పోయేది సమయమే.

గ్లిమెపిరైడ్ లాంటి మాత్రల వల్ల పడిపోయినప్పుడు తేరుకున్నారు కదా అని వదలకూడదు. మందు ఇంకా ఒంట్లోనే ఉంటుంది, కొన్ని గంటలకు మళ్లీ దించవచ్చు. ఆ రోజు ఆస్పత్రిలో చూపించి తీరాలి. మూత్రపిండాలు సరిగా పనిచేయని వాళ్లలో ఇది ఇంకా ఎక్కువ. ఆ ఆదివారం మీ వాచ్‌మన్ గడిపింది సామాన్లు సర్దుకుంటూ.

తూలడానికి షుగర్ ఒక్కటే కారణం కాదు లెండి. నోరు ఒక పక్కకు వంగి, ఒక చెయ్యి లేవకపోతే పక్షవాతం అనుకుని వెంటనే పెద్దాస్పత్రికి తీసుకెళ్లాలి. గడ్డ కరిగించే ఇంజక్షన్‌కు నాలుగున్నర గంటలే గడువు. ఫిట్స్ వచ్చి తగ్గాక, తలకు దెబ్బ తగిలాక, మే నెల ఎండలో వడదెబ్బ తగిలినప్పుడు కూడా మనిషి తాగినట్టే ఉంటాడు.

ఇక ఆయనకు మీరు చేయాల్సింది. మూడు వారాలు ఆలస్యమైంది కాబట్టి ఇంకో కమిటీ మీటింగ్ దాకా ఆగొద్దు. మీరే వెళ్లండి, ఆ రోజు నిర్ణయానికి చేయెత్తిన ఇంకొకరిని తోడు తీసుకుని. భార్యాభర్తలిద్దరూ ఉన్నప్పుడు వెళ్లాలి, ఎందుకంటే ఆ రోజు ఆమెను మీరు ఒక్క మాట కూడా అడగలేదు. "పొరపాటు జరిగిపోయింది" అనొద్దు. అలా అంటే అదేదో వానలా దానంతటదే వచ్చినట్టు ఉంటుంది. "మేం పొరపాటు చేశాం. మీకు ఒంట్లో బాగాలేకపోతే తాగారన్నాం. అమ్మను ఒక్క మాట కూడా అడగలేదు. ఇల్లు ఖాళీ చేయించాం" అని చేసిన పనులన్నీ చేసినట్టు చెప్పండి. "కానీ మీరు షుగర్ ఉందని చెప్పాల్సింది" అనే వాక్యం ఆ రోజు మీ నోట రాకూడదు. ఆ ఒక్క "కానీ"తో ముందు చెప్పినవన్నీ కొట్టుకుపోతాయి.

డబ్బు విషయం తేల్చుకునే వెళ్లండి. పని లేకుండా గడిచిన రోజులకు జీతం, సామాన్లు తరలించిన ఆటో ఖర్చు, ఆమెకు ఫ్లాట్లలో అంట్లు, ఇల్లు తుడిచే పని ఉండి ఉంటే ఆ జీతం కూడా. కవరులో పెట్టి, లెక్క చెప్పి ఇవ్వండి. సాయం అనే మాట వాడకండి, అది మీ బాకీ.

తిరిగి రమ్మని అడగండి, ఒత్తిడి మాత్రం చేయకండి. ఆ సెల్లార్‌లో తనను తాగుబోతు అంటుంటే భార్య చూసింది. అక్కడికి మళ్లీ రావాలని లేకపోవడం సహజం. రానంటే అసోసియేషన్ లెటర్‌హెడ్ మీద, ఆరేళ్లు నమ్మకంగా పనిచేశారని, తమ పొరపాటు నిర్ణయం వల్ల వెళ్లాల్సి వచ్చిందని రాసి, సంతకం, స్టాంపుతో ఇవ్వండి. వాచ్‌మన్ ఉద్యోగాలు కాలనీలో నోటిమాట మీద దొరుకుతాయి, నోటిమాట మీదే పోతాయి.

అందుకే ఆ వీడియో సంగతి ముఖ్యం. అందరి ఫోన్లలోంచి తీసేసే వీలు వాట్సాప్‌లో రెండున్నర రోజులే ఉంటుంది, అది దాటిపోయింది. ఇప్పుడు ఎవరికి వారు తమ ఫోన్‌లో తీసేయాలి. సెక్రటరీగా మీరు గ్రూపులో రాయండి. ఆ రోజు ఆయన తాగలేదని, ఆరోగ్యం బాగాలేక పడిపోయారని, కమిటీ తప్పు నిర్ణయం తీసుకుందని, వీడియో అందరూ తీసేయాలని, ఎవరైనా బయటి గ్రూపులకు పంపి ఉంటే ఈ సందేశాన్ని కూడా అక్కడికి పంపాలని. షుగర్ అనే మాట మాత్రం ఆయన్ని అడగకుండా రాయకండి. ఆయన ఆరేళ్లు ఎవరికీ చెప్పని విషయాన్ని, మంచి ఉద్దేశంతోనే అయినా, 40 ఇళ్లకు చాటే హక్కు మీకు లేదు. "ఆరోగ్యం బాగాలేక" చాలు.

వీడియో తీసినాయన క్షమాపణ చెప్పకపోతే ఆయన కోసం ఆగకండి. పోనీ ఆయన్నే దుర్మార్గుణ్ని చేసి కమిటీ చేతులు కడుక్కుందామా అంటే అదీ తప్పే. ఖాళీ చేయమన్నది ఆయన ఒక్కరు కాదు. ఆయన్నీ ఒక్క వీడియోతో కొలవొద్దు. "నాకు కనిపించిందే పెట్టాను" అన్న మాటను మాత్రం విడదీసి చూపించండి. ఒక కాగితం మధ్యలో గీత గీయండి. ఎడమవైపు కంటికి కనిపించినవి: మోటార్ వేయలేదు, చెమట పట్టింది, మాట ముద్దగా ఉంది, తిట్టారు, తూలి పడ్డారు, పంచదార నీళ్లతో తేరుకున్నారు. కుడివైపు మనం అనుకున్నవి: తాగాడు, రాత్రంతా తాగాడు, అలవాటే అయ్యుంటుంది, అబద్ధమాడుతున్నాడు. కుడివైపున్న ఒక్కటీ ఎవరి కళ్లకూ కనిపించలేదు. ఆరేళ్లలో ఎన్నిసార్లు మోటార్ వేయడం మర్చిపోయారన్న ప్రశ్నకు మీ గ్రూపులో ఉన్న పాత సందేశాలే జవాబు చెబుతాయి. దాన్నీ ఎడమవైపు రాయండి.

అదే వేళ మూడో అంతస్తులో రిటైరైన ఆఫీసరు గారు లిఫ్టు దగ్గర అలాగే తూలి ఉంటే "సార్‌కి షుగర్ డౌన్ అయినట్టుంది, కుర్చీ తెండి" అని ఉండేవారు. ఎవరూ ఫోన్ కెమెరా తీసేవారు కాదు. తాటిచెట్టు కింద పాలు తాగినా కల్లే అంటారని మన పెద్దలు చెప్పింది ఇలాంటి దానికే. శనివారం రాత్రి, సెల్లార్, వాచ్‌మన్, ఈ మూడూ కలిసి మీ వాచ్‌మన్‌కి తాటిచెట్టయ్యాయి.

ఇకముందు ఎవరినైనా పనిలోంచి తీసేయాలంటే మీ కమిటీ కనీసం మూడు పనులు చేయాలని మినిట్స్ పుస్తకంలో రాసుకోండి. ఆ మనిషినీ ఇంట్లోవాళ్లనూ విడిగా, కూర్చోబెట్టి అడగాలి: నిన్న ఏం తిన్నారు, ఏ మందులు వాడతారు, ఇంతకుముందు ఇలా అయిందా? గుంపులో నిలబెట్టి అడిగితే ఎవరూ నిజం చెప్పలేరు. రెండోది, నిర్ణయం అదే రోజు తీసుకోకూడదు. మూడోది, గది ఖాళీ చేయడానికి నెల గడువుండాలి, తప్పు నిజమే అయినా సరే.

ఆయన తిరిగొస్తే కార్లు కడగడం టిఫిన్ తర్వాతకు, ఏడున్నర దాటాక పెట్టండి. గేటు సొరుగులో గ్లూకోజ్ డబ్బా, బిస్కెట్లు ఉంచండి. బస్తీ దవాఖానాలో షుగర్ చూసి మందులు ఉచితంగా ఇస్తారు. అక్కడికి పాత చీటీ తీసుకెళ్లి, ఎన్ని గంటలకు పడిపోయారో, ముందురోజు ఏం తిన్నారో, రాత్రి డ్యూటీ సంగతి, శనివారం ఒక్కపొద్దు సంగతి నాలుగూ చెప్పమనండి. డోసు మార్చేది డాక్టరే, మీరు గానీ ఆయన గానీ మాత్ర మానేయకూడదు. ఒక్కపొద్దు మానేయమని మాత్రం చెప్పకండి. ఆ రోజు మాత్ర ఎలా వేసుకోవాలో డాక్టరును అడగమనండి.

ఆయన ఇప్పుడు ఇంకెక్కడైనా రాత్రి డ్యూటీలో చేరి ఉంటే పొద్దున నిద్రపోతుంటారు. ముందు ఆమెకు, మధ్యాహ్నం 12 దాటాక ఫోన్ చేయండి. ఎప్పుడొస్తారని అడగడానికి ముందు, ఆ ఆదివారం తర్వాత మళ్లీ పడిపోయారా, డాక్టరుకు చూపించారా అని అడగండి. చూపించలేదంటే క్షమాపణ సాయంత్రం చెప్పుకోవచ్చు, ముందు దవాఖానాకు తీసుకెళ్లండి.